ఆంపియర్‌కు ముందటి లెక్కలు

అబాంపియర్, స్టాటాంపియర్ అని కరెంటుకు రెండు పాత ప్రమాణాలు ఉన్నాయి. మొదటిది నేటి పది ఆంపియర్లు. రెండోది ఎంత చిన్నదంటే, ఒక్క ఆంపియర్‌లో దాదాపు 300 కోట్లు పడతాయి. మొదటిదాన్ని రెండోదానిలోకి మార్చాలంటే 2,997 కోట్ల 92 లక్షల 45 వేల 800తో హెచ్చవేయాలి. ఆ అంకె పక్కన ‘సెంటీమీటర్లు, సెకనుకు’ అని రాసి చూడండి. అది కాంతి వేగం!

కరెంటు పట్టికలో కాంతికేం పని? ఒక ప్రమాణం కదలకుండా ఉన్న ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకునే బలం నుంచి పుట్టింది. ఇంకోటి కరెంటు పారే తీగ అయస్కాంతం మీద చూపే బలం నుంచి. పేర్లు తర్వాత పెట్టినవే గానీ లెక్కలు పాతవి. ఈ రెంటికీ మారకం రేటెంతో ఎవరో ఒకరు తేల్చాలి.

1856లో తేల్చినవారు విల్‌హెల్మ్ వెబర్, రుడాల్ఫ్ కోల్‌రౌష్. లైడెన్ జాడీలో విద్యుత్తు నింపి, కొంత భాగాన్ని ఒక బంతికి పంచారు. అది మరో బంతిని నెడితే సన్నటి తీగ ఎంత మెలితిరిగిందో కొలిచారు. మిగిలినదాన్ని గాల్వనామీటర్‌లోకి ఒక్కసారిగా వదిలి, సూది ఎంత ఊగిందో చూశారు. ఆ కొలతల్ని ఇప్పటి పద్ధతిలో భాగిస్తే సెకనుకు 3,10,740 కిలోమీటర్లు వస్తుంది. కానీ వెబర్ ఎంచుకున్న కరెంటు ప్రమాణం వేరు. అందువల్ల ఆయన సూత్రంలో ఆ అంకె వర్గమూలం 2 రెట్లు ఉబ్బి 4,39,450గా కూర్చుంది. అందులో వెలుగు ఎవరికి కనిపిస్తుంది?

  

1857లో కిర్కాఫ్ ఆ వర్గమూలాన్ని తీసేసి, తీగలో తరంగం ఇంచుమించు కాంతి వేగంతో పోతుందని గమనించాడు. గమనించి ఊరుకున్నాడు. 1861 వేసవిలో మాక్స్‌వెల్ స్కాట్లండ్‌లోని సొంత ఊరు గ్లెన్‌లేర్‌లో విద్యుదయస్కాంత తరంగ వేగానికి సూత్రం కట్టాడు గానీ, వెబర్ అంకె చేతిలో లేదు. లండన్ వచ్చాక చూసుకున్నాడు. ఫిజో కొలిచిన కాంతి వేగానికి అది దగ్గరగా ఉంది. కాంతి కూడా విద్యుదయస్కాంత వ్యవహారమేనని అక్కడే తేల్చాడు. ప్రమాణాల మార్పిడిని గుమస్తా పని అనేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే.

మరో తమాషా. 1870ల్లో బ్రిటన్‌లో కరెంటు ప్రమాణం పేరు ‘వెబర్’. జర్మనీలోనూ అదే పేరు, కానీ అక్కడి వెబర్ పదోవంతు. 1881లో పారిస్ విద్యుత్ మహాసభ ఆ పేరునే పక్కనపెట్టి ఆంపియర్‌ను ఎక్కించింది. వెబర్ అప్పటికింకా బతికే ఉన్నాడు.

అంతకుముందే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో యాకోబీ కరెంటును గాలి బుడగల్లో కొలిచాడు. నీరు విడిపోయి నిమిషానికి ఒక ఘన సెంటీమీటరు వాయువు వస్తే ఆయనకు అది ఒక ప్రమాణం. ఆ లెక్కన ఒక ఆంపియర్ అంటే సుమారు పదిన్నర యాకోబీలు.

తర్వాత వెండి వచ్చింది. సెకనులో ఆంపియర్ ఎంత వెండిని పేరుస్తుంది? 1884లో కేంబ్రిడ్జ్‌లో లార్డ్ రేలీ, ఆయన వదిన (భార్య అక్క) ఎలినార్ సిడ్జ్‌విక్ 1.11794 మిల్లీగ్రాములన్నారు. జర్మనీలో ఫ్రీడ్రిష్, విల్‌హెల్మ్ కోల్‌రౌష్‌లు 1.1183 అన్నారు. వీరిద్దరూ జాడీ ప్రయోగం చేసిన రుడాల్ఫ్ కొడుకులే. 1893లో షికాగో మహాసభ 1.118 దగ్గర ఆగింది. ఆ లెక్కన పాత తులం (11.66 గ్రాములు) వెండి పేరడానికి ఒక ఆంపియర్‌కు దాదాపు రెండు గంటల యాభై నాలుగు నిమిషాలు పడుతుంది. త్రాసు ఉన్న ఎవరైనా సరిచూసుకోగల ప్రమాణం అది. అది పోయినందుకు నాకు దిగులే. 2019 నుంచి ఆంపియర్‌ను ఎలక్ట్రాన్ ఆవేశం విలువతో నిర్వచిస్తున్నారు. కచ్చితత్వంలో లోటు లేదు, కంటికి మాత్రం ఏమీ ఆనదు.

మధ్యలో 1948లో వెండి ఆంపియర్‌ను దించి, తీగల మధ్య బలంతో కొలిచేదాన్ని ఎక్కించారు. అంతకుముందటి ప్రయోగ నివేదికలు చదివేవారు వాటిలోని ఆంపియర్లను 0.99985తో హెచ్చవేసుకోవాలి. అమెరికా కొలతలకైతే 0.999835.