దక్షిణ తెలంగాణ మెట్టల మీద సూర్యకిరీటం: 1868, 1980

సూర్యబింబం చుట్టూ లక్షల కిలోమీటర్ల మేర పరుచుకున్న పలుచని వాయుమండలాన్ని ఖగోళ శాస్త్రజ్ఞులు కరోనా అంటారు. బింబపు కాంతిలో ఇంచుమించు పదిలక్షల వంతు మాత్రమే వెలిగే ఈ మండలం మామూలు రోజుల్లో పగటి వెలుగులో కలిసిపోయి కంటికి ఆనదు కాబట్టి, చంద్రుడు బింబాన్ని నిండుగా కప్పివేసే సంపూర్ణ గ్రహణ సమయమే దాన్ని చూడడానికి చాలాకాలం పాటు దొరికిన ఏకైక అవకాశం. అటువంటి గ్రహణపు దారి, అంటే చంద్రుడి నిండు నీడ భూమి మీద సాగిపోయే సన్నని పట్టీ, 1868 ఆగస్టు 18న ఒకసారి, 1980 ఫిబ్రవరి 16న మరోసారి పాలమూరు (మహబూబ్‌నగర్) మెట్టభూముల మీదుగా సాగింది.

1868 గ్రహణం పేరు చెబితే వెంటనే గుంటూరు గుర్తుకు వస్తుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్ జాన్సెన్ అక్కడే వర్ణపటదర్శినితో, అంటే కాంతిని దాని రంగులుగా విడదీసి చూపే పరికరంతో, సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలలు వేడెక్కి వెలిగే వాయువులేనని తేల్చి, గ్రహణం విడిచిన మర్నాడు కూడా వాటిని చూడగలిగాడు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. అయితే అదే వేధశాల రెండో బృందాన్ని నిజాం రాజ్యంలోని వనపర్తికి పంపిందనీ, ఆ బృందానికి చింతామణి రఘునాథాచారి నాయకత్వం వహించాడనీ ఈ ప్రాంత చరిత్రలో తగినంతగా నమోదు కాలేదు. రఘునాథాచారి సామాన్యుడు కాడు. 1867లో వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక చర నక్షత్రాన్ని కనుగొని, 1872లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యత్వం పొందిన పరిశీలకుడు. ఆధునిక ఖగోళ పరికరాలతో ఒక భారతీయుడి ఆధ్వర్యంలో పాలమూరు నేల మీద జరిగిన ఈ పరిశీలన గుంటూరు పక్కన అడుగున పడిపోవడం న్యాయం కాదు.

ఆనాటికి కరోనా సూర్యుడిదా, చంద్రుడిదా, లేక భూమి గాలిలో పుట్టే భ్రమా అన్న వివాదం ఇంకా పూర్తిగా తీరలేదు. మరుసటి ఏడు అమెరికాలో కనబడిన గ్రహణంలో కరోనా వర్ణపటంలో ఒక ఆకుపచ్చ గీత దొరికింది. భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ అది సరిపోలకపోవడంతో దానికోసం ‘కరోనియం’ అనే కొత్త మూలకాన్నే ఊహించుకున్నారు. ఆ చిక్కు విడిపోవడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. జర్మనీకి చెందిన గ్రోట్రియన్, స్వీడన్‌కు చెందిన ఎడ్లెన్ 1939-42 మధ్య అది పదమూడు ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుము వెదజల్లే కాంతి అని నిరూపించారు. ఇనుము ఆ స్థితికి రావాలంటే పది లక్షల డిగ్రీలకు మించిన వేడి కావాలి. సూర్యుడి ఉపరితలం చూస్తే సుమారు 5,500 డిగ్రీలు. పొయ్యికి దూరం జరిగేకొద్దీ వేడి తగ్గాలి గాని ఇన్ని వందల రెట్లు పెరగడం ఎట్లాగన్న ప్రశ్న అప్పుడు పుట్టింది.

అంత వేడిలో వాయువు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి, విద్యుదావేశం గల కణాల కలబోతగా మారుతుంది. దాన్నే ప్లాస్మా అంటారు. ఆవేశం ఉన్న కణం అయస్కాంత బలరేఖను దాటి అడ్డంగా పోలేక, దాని వెంటే జారుతుంది. సూర్యమచ్చల్లో బలమైన అయస్కాంత క్షేత్రం ఉందని జార్జ్ హేల్ 1908లో కనుగొన్నాడు. ఒక చోట పైకి లేచి మరో చోట లోపలికి దిగే ఆ బలరేఖల నిండా ప్లాస్మా చేరినప్పుడు, ఊరి మొదట్లో నిలిపే కమాను లాగా, రెండు పాదాలు ఉపరితలంపై ఆనించి నిలిచిన వెలుగు వలయాలు ఏర్పడతాయి. వాటిలో పెద్దవాటి కింద భూమి వంటి గోళాలను పక్కపక్కనే పేర్చవచ్చు. 1973లో స్కైలాబ్ అంతరిక్ష కేంద్రం తీసిన ఎక్స్‌రే చిత్రాలు సూర్యుడి చురుకైన ప్రాంతాల మీద కరోనా ఈ వలయాల అల్లికేనని స్పష్టం చేశాయి. 1868లో గుంటూరు ఫొటోల్లో కొమ్ములా నిలిచి కనబడిన ఎత్తైన జ్వాల కూడా, ఈనాటి అవగాహన ప్రకారం, అయస్కాంత రేఖలు పైకి ఎత్తి పట్టుకున్న, కరోనా కన్నా చల్లని ప్లాస్మాయే.

1980 గ్రహణం ఈ అవగాహన వచ్చాక పడింది. ఆ మాఘ బహుళ అమావాస్య మధ్యాహ్నం నీడ కర్ణాటక తీరాన భారత నేలను తాకి, రాయచూరు, మహబూబ్‌నగర్, నల్గొండ, ఖమ్మం ప్రాంతాల మీదుగా ఒడిశా వైపు సాగింది. హైదరాబాద్ నగరం అంచు బయటే ఉండిపోయింది. వానాకాలంలో వచ్చిన 1868 గ్రహణంలా కాక ఇది మబ్బులుండని మాసంలో రావడం వల్ల, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల పట్టీలోనే ఉండడం వల్ల, విదేశీ బృందాలు ఈ మెట్టలను ఎంచుకున్నాయి. ఊళ్లలో మాత్రం జనం పట్టు స్నానం చేసి, పచ్చడి జాడీల మీద దర్భ వేసి, తలుపులు మూసుకుని విడుపు కోసం ఎదురుచూశారు. దాన్ని వట్టి మూఢత్వమని కొట్టివేయడం సులువే గాని, బింబపు అంచు కొంచెమైనా మిగిలి ఉండగా సూటిగా చూస్తే కంటికి కలిగే హాని కల్పన కాదు.

మహబూబ్‌నగర్ జిల్లా పాలెంలో అమెరికాకు చెందిన హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ వారు న్యూకిర్క్ కెమెరాతో కరోనాను చిత్రించారు. బింబం అంచున ప్రకాశంగా ఉండే కరోనా వెలుపలికి పోయేకొద్దీ అతివేగంగా మసకబారుతుంది కాబట్టి, ఆ కెమెరాలో నడుమ చిక్కగా, అంచులకు పలుచగా ఉండే వడపోత అద్దం అమర్చి, లోపలి వలయాలూ బయటి కాంతి రేకలూ ఒకే ఫొటోలో పడేట్టు చేశారు. సూర్యుడు ఉద్ధృతంగా ఉన్న కాలం కావడంతో రేకలు అన్ని దిక్కులకూ విచ్చుకుని కనబడ్డాయి. ఆ కెమెరాను రూపొందించిన గోర్డన్ న్యూకిర్క్, హైదరాబాద్ నిజామియా వేధశాల ఉద్యోగి కొడుకుగా అక్కడే పెరిగిన ఖగోళ శాస్త్రజ్ఞుడు వేణు బప్పు, 1949లో కలిసి ఒక తోకచుక్కను కనుగొన్న ముగ్గురిలో ఇద్దరు. ముప్ఫై ఏళ్లకు ఆ మిత్రుడి పేరున్న కెమెరా బప్పు పెరిగిన తెలంగాణకే చేరింది.

అదే గ్రహణంలో అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు జే పాసకాఫ్ బృందం వలయాల మీద ఆకుపచ్చ గీత వెలుగు సెకనుకు ఒకటి రెండు సార్లు అదురుతుందేమోనని కొలిచింది. అదిరితే, అయస్కాంత రేఖల వెంట పాకే అలలే కరోనాను వేడెక్కిస్తున్నాయన్న వాదానికి బలం చేకూరుతుంది. 1984లో ప్రచురించిన ఫలితంలో స్వల్పమైన జాడ మాత్రమే కనబడింది, వాదం తేలలేదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన భారత సూర్య పరిశోధక నౌక ఆదిత్య-ఎల్1లోని కరోనా దర్శిని పరిశీలించే గీతల్లో 1980లో మూడు నిమిషాలైనా నిలవని ఆ చీకటిలో కొలిచిన ఆకుపచ్చ గీత కూడా ఒకటి.