ఉపగ్రహం ఆయుష్షు: డిష్‌లో బొమ్మ రావాలంటే పైన ఇంధనం ఉండాల్సిందే!

పాతపట్నంలో మేడ మీది డిష్‌కు సిగ్నల్ పంపే ఉపగ్రహం దాదాపు 36,000 కి.మీ. ఎత్తులో ఉంటుంది. సూర్యచంద్రుల ఆకర్షణకు అది కొంచెం కొంచెంగా జరిగిపోతుంటుంది. థ్రస్టర్లు మండించి మళ్లీ చోటుకు తేవాలి. ఇంధనం అయిపోతే, పరికరాలు ఎంత బాగున్నా దాని పని అయిపోయినట్టే.

ఖర్చు మొదటి రోజు నుంచే మొదలు. 2025 నవంబర్ 2న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 మోసుకెళ్లిన 4,410 కిలోల సీఎంఎస్-03ని కూడా రాకెట్ మధ్యలోనే వదిలింది. మిగతా ఎత్తు సొంత ఇంధనంతో ఎక్కాల్సిందే.

మరి ఆయుష్షు పెంచలేమా? 2001లో వెళ్లిన ఇంటెల్‌శాట్-901ను 2020 ఫిబ్రవరి 25న అమెరికా వాహనం ఎంఈవీ-1 వెనక నుంచి పట్టుకుని, తన థ్రస్టర్లతో సుమారు 5 ఏళ్లు నడిపింది. ఇంధనం నింపలేదు, బండిని టోయింగ్ చేసినట్టన్నమాట!

ఇస్రో 2025 జనవరి 16న స్పేడెక్స్ జంటను డాకింగ్ చేసింది. కక్ష్యలో సర్వీసింగ్‌కు ముందు కావాల్సిన విద్య ఇదే. కాకపోతే అది 500 కి.మీ. లోపు ఎత్తులో జరిగింది.