ప్రయాణ భత్యము: యోజనము నుండి విమానము వరకు

రాజ్యమున్నచోట రాజకార్యముపై తిరుగువాడుండును. తిరుగువాడున్నచోట అతని దారిఖర్చు లెక్కయు నుండును. ఆ లెక్క యెట్లు కట్టవలెనన్న ప్రశ్న నేటి విమానపు టిక్కెట్టుతో పుట్టినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము ఐదవ అధికరణమున భృత్యుల వేతనములు నిర్ణయించుచు, మధ్యమ శ్రేణి దూతకు యోజనమునకు 10 పణములనియు, పది యోజనములు దాటిన పిమ్మట నూరు యోజనముల వరకు అందుకు రెట్టింపనియు విధించినది. దూరము పెరిగినకొలది శ్రమయు వ్యయమును పెరుగునని ఆ శాస్త్రకారుడు గుర్తించెను. నేటి మైలేజి భత్యమునకు ఇది పూర్వరూపమనవచ్చును.

తెలుగునాట దినగ్రాసమునకిచ్చు సొమ్మును బత్తెమందురు. ఈస్టిండియా కంపెనీ సైన్యమున దండయాత్రా కాలపు అదనపు ఖర్చులకై అధికారులకు చెల్లించినదానిని బత్తా యనిరి. 1757లో ప్లాసీ యుద్ధానంతరము మీర్ జాఫరు బెంగాలు సైన్యాధికారులకు రెట్టింపు బత్తా నొసగెను. యుద్ధము ముగిసెను గాని రెట్టింపు బత్తా ముగియలేదు. 1766లో క్లైవు దానిని తొలగింపగా, అధికారులు మూకుమ్మడిగా ఉద్యోగములు విడుచుటకు కట్టు కట్టిరి. క్లైవు ఆ కట్టును విరిచెను. 1828లో బెంటింకు కొన్ని స్థావరములలో బత్తాను సగము చేసినపుడును సైన్యమున తీవ్రమైన అసంతృప్తి కలిగెను. ఖర్చుకొరకిచ్చిన సొమ్ము కాలక్రమమున సంపాదనలో భాగమైనచో, దానిని తిరిగి తీసికొనుట ఎంత కష్టమో ఈ రెండు ఘట్టములును చాటుచున్నవి.

ఈ అనుభవమునకు తగిన సూత్రము 1922వ సంవత్సరము జనవరి 1వ తేదీన అమలులోనికి వచ్చిన ఫండమెంటల్ రూల్సులో కనబడును. 44వ నియమము ప్రకారము, ఇట్టి భత్యము మొత్తముమీద పుచ్చుకొనువానికి లాభసాధనము కారాదు. సచివాలయములలో టి.ఏ. బిల్లు వ్రాసిన ప్రతి గుమాస్తాయు, దానిని పరిశీలించిన ప్రతి అధికారియు తెలిసియో తెలియకయో ఈ నియమము నీడలోనే పనిచేసిరి. లాభము కారాదన్న ఆ మాటలోనే, సర్కారు పనిమీద వెళ్లినవాడు తన చేతి సొమ్ము పోగొట్టుకొనరాదన్న న్యాయమును ఇమిడియున్నది. నియమములు చేసినవారు మొదటి భాగమును మరువలేదు. రెండవ భాగము మాత్రము అప్పుడప్పుడు మరుగున పడెను.

విమానము ఈ కథలోనికి కొంత ఆలస్యముగా ప్రవేశించినది. 1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటా కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా విమానము నడపెను. అచ్చటినుండి నెవిల్ విన్‌సెంటు బళ్లారి మీదుగా దానిని మదరాసు చేర్చెను. అనగా ఈ దేశపు తొలి విమాన సర్వీసులలో నొకటి తెలుగువారికి చిరపరిచితమైన బళ్లారిలో దిగి వెళ్లినది. హైదరాబాదు బేగంపేట కేంద్రముగా 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడెను. 1953 ఆగస్టు 1వ తేదీన విమానయానము జాతీయము కాగా, ఆ సంస్థయు ఇండియన్ ఎయిర్‌లైన్సులో విలీనమయ్యెను. అటుపిమ్మట నలువది సంవత్సరములపాటు ఏ విమానసంస్థలో పోవలెనన్న ప్రశ్న దేశీయ ప్రయాణములలో ఉద్యోగికి పెద్దగా ఎదురుకాలేదు. 1994లో ఎయిర్ కార్పొరేషన్సు చట్టము రద్దయి, ప్రైవేటు సంస్థలకు ద్వారములు తెరచుకొనిన తరువాతనే ఆ ప్రశ్నకు బలము వచ్చెను.

ఎవరు విమానమెక్కవచ్చునన్నది మరియొక ప్రశ్న. అర్హత వేతనమునుబట్టి నిర్ణయమగుచుండెను. పై అధికారి ఢిల్లీనుండి హైదరాబాదునకు రెండు గంటలలో చేరగా, అదే పనికి దస్త్రములు పట్టుకొని వెళ్లు సహాయకుడు ముందురోజే రైలెక్కవలసి యుండెను. 2008 నాటి ఉత్తర్వులలో 5,400 గ్రేడుపే వారినుండి విమాన ప్రయాణము లభించెను. ఏడవ వేతన సంఘము పిమ్మట 2017 జూలైలో వెలువడిన ఉత్తర్వులు ఆరవ స్థాయినుండియే, అనగా 35,400 రూపాయల మూలవేతనముతో మొదలగు స్థాయినుండియే, సాధారణ తరగతి విమానమునకు అర్హత కల్పించినవి. ఆఫీసులలో మధ్య వరుసన కూర్చున్నవారికి ఇది చిన్న మార్పు కాదు.

ఇంతకు మునుపే, 2009 జూలై 13వ తేదీన ఆర్థిక మంత్రిత్వశాఖ ఒక కట్టడి విధించెను. ప్రభుత్వము ఖర్చు భరించు విమాన ప్రయాణములన్నియు ఎయిరిండియాలోనే జరుగవలెను. సెలవు ప్రయాణ రాయితీకిని ఇదే వర్తించెను. నష్టములలో నున్న ప్రభుత్వ సంస్థకు చేయూతనిచ్చుట దీని ఉద్దేశము. ఆ ఉద్దేశమును తప్పుపట్టలేము. కాని అదే దారిలో మరియొక సంస్థ తక్కువ ధరకు టిక్కెట్టు అమ్ముచుండినను కొనరాదయ్యెను. నియమము తెలియకయో, వేళ కుదురకయో వేరు విమానమున కుటుంబముతో స్వస్థలమునకు పోయి వచ్చినవారి బిల్లులు తిరస్కరింపబడెను. ఖజానాకు తక్కువ ఖర్చయినను, ఉద్యోగికి పూర్తి నష్టమయ్యెను. 44వ నియమమున ఇమిడిన న్యాయము ఇచ్చట తలక్రిందులైనది.

ఎయిరిండియా 2022 జనవరి 27న తిరిగి టాటాల చేతికి వెళ్లెను. అంతకుముందే, 2021 అక్టోబరులో, మంత్రిత్వశాఖలు పాత బాకీలు తీర్చి ఇకమీదట రొక్కమునకే టిక్కెట్లు కొనవలెనని ఆర్థికశాఖ ఆదేశించెను. డిసెంబరు 31న సంస్థ విషయమైన కట్టడి సడలెను. టిక్కెట్టు మాత్రము బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐ.ఆర్.సి.టి.సి. అను మూడు సంస్థల ద్వారానే కొనవలెను. 2022 జూన్ నాటి సూచనలు మరికొంత ముందునకు పోయెను: అర్హమైన తరగతిలో, ఎంచుకొనిన వేళలో, అందరికంటె తక్కువ ధర టిక్కెట్టు, వీలైనంతవరకు 21 దినములు ముందుగా కొనుగోలు, ఒక్కొక్క మజిలీకి ఒక్క టిక్కెట్టు, పర్యటనకు 72 గంటలలోపు కొన్నను, 24 గంటలలోపు రద్దు చేసినను ఉద్యోగి స్వయముగా కారణము వ్రాసియిచ్చుట.

ముందు కొన్నచో ధర తగ్గునన్నది సత్యమే. ఐనను రేపటి సమావేశమునకు నేటి సాయంత్రము పిలుపు వచ్చుట సచివాలయమున అపురూపము కాదు. ఆ సంగతి ఎరిగియే కాబోలు, పర్యటనకు అనుమతి పరిశీలనలో నుండగనే టిక్కెట్టు కొనవచ్చునని ఆ సూచనలు చెప్పినవి. ఆలస్యమునకు శిక్ష విధింపక, కారణము చెప్పుకొనుమన్నవి. ఉద్యోగి మాటకు విలువ నిచ్చుటయే ఇందలి విశేషము.

యోజనమునకు పది పణములు కొలిచి యిచ్చిన కాలమునకును, కంప్యూటరు తెరపై చవుక టిక్కెట్టు వెదకు కాలమునకును నడుమ వాహనములు మారినవి, లెక్కలు మారినవి. ధర్మము మారలేదు. ప్రజల సొమ్ములో ఒక్క రూపాయి ఉద్యోగి మూట చేరరాదు. ప్రజల పనికై ఉద్యోగి మూటనుండి ఒక్క రూపాయి జారరాదు. ఈ రెంటిని సరితూచిన నియమమునే ఉద్యోగి మనస్ఫూర్తిగా పాటించును. ఒక వైపే మొగ్గిన నియమమునకు తప్పుదారులు పుట్టునని బత్తా చరిత్రయు, విమానపు టిక్కెట్టు చరిత్రయు ఒక్క గొంతుతో చెప్పుచున్నవి.