డోర్నకల్ నేర్పిన పాఠం: గుడి ముందా, సంఘం ముందా?



మన సంఘం మొదలై ఏడేళ్లు నిండాయి. ఇంకా రేకుల షెడ్డులోనే కూడుకుంటున్నాం. వాన పడితే రేకుల చప్పుడుకి వాక్యం వినపడదు. ఎండాకాలంలో చంటిపిల్లల తల్లులు సగం ఆరాధన బయట వేపచెట్టు కిందే గడుపుతారు. "అయ్యగారూ, మన గుడికి స్లాబు ఎప్పుడు పడుతుంది?" అని మీరు అడిగినప్పుడల్లా, ప్రార్థన చేయండి అని తప్పించుకుంటూ వచ్చాను. ఈ నెల మొదట్లో పాసింజరు రైలెక్కి డోర్నకల్ వెళ్లాను. అక్కడి పెద్ద గుడి ముందు నిలబడినప్పుడు ఆ ప్రశ్నకు జవాబు కొంత దొరికింది. నేను చేసిన ఒక తప్పు కూడా గుర్తుకొచ్చింది. రెండూ మీకు చెప్పాలి. ముందు చరిత్ర చెబుతాను.

డోర్నకల్ ఇప్పుడు తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో ఉంది. చాలామందికి రైలు జంక్షనుగానే తెలుసు. నూరేళ్ల కిందట అది నిజాం రాజ్యంలోని చిన్న ఊరు. అక్కడ ఆంగ్లికన్ సంఘం వేళ్లూనడానికి కారకులు ఇంగ్లాండు వారే అనుకుంటాం. నిజానికి ఆ పని భుజాన వేసుకున్నవారు తమిళనాడులోని తిరునల్వేలి క్రైస్తవులు.

వారిలో ముఖ్యులు వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. 1874లో తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై అనే పల్లెటూరిలో పుట్టారు. తండ్రి ఆ పల్లె సంఘ కాపరి. అజరయ్య గారు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని చివరి పరీక్షల సమయంలో జబ్బు చేసి డిగ్రీ పూర్తి కాలేదు. తర్వాత వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి ఊరూరా తిరిగి యువకుల మధ్య పనిచేశారు.

1902లో ఆయన సిలోనులోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు సంఖ్యలో కొద్దిమందే. అయినా సొంత మిషను సంఘం పెట్టుకుని, తమ డబ్బుతో సేవకులను పంపుతున్నారు. అది చూసి అజరయ్య గారికి సిగ్గేసింది. తిరునల్వేలిలో వేలాది క్రైస్తవులు ఉన్నారు, గుడులు ఉన్నాయి, బడులు ఉన్నాయి. సువార్త విననివారి దగ్గరకు తమంతట తాము ఒక్కరినైనా పంపామా? ఈ ప్రశ్న ఆయనను నిద్రపోనివ్వలేదు. 1903 ఫిబ్రవరిలో పాలయంకోట్టైలో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. డబ్బు మనది కావాలి, మనుషులు మనవాళ్లు కావాలి అన్నది వారి పట్టుదల. ఆ సొసైటీ ఎంచుకున్న పొలమే డోర్నకల్ ప్రాంతం.

ఒక్క క్షణం ఆలోచించండి. తిరునల్వేలి ఎక్కడ, డోర్నకల్ ఎక్కడ? భాష వేరు, తిండి వేరు, రాజ్యం కూడా వేరు. తమ జిల్లాలో ఇంకో మంచి గుడి కట్టుకోవడానికి సరిపోయే కానుకలను వారు ముక్కూ మొహం తెలియని తెలుగు పల్లెల కోసం ఖర్చు పెట్టారు. మనలో చాలామంది తాతముత్తాతలకు సువార్త అందిన దారుల్లో అది ఒకటి.

మొదట వేరేవారిని పంపారు. పంపినవాడు తానే వెళ్లకుండా ఉండడం సరికాదని కొన్నేళ్లకు అజరయ్య గారికి తోచింది. 1909లో, ముప్పై అయిదో ఏట, వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలి గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ వచ్చారు. దేశమంతా పేరు తెచ్చుకున్న మనిషి పల్లెటూళ్లో కూర్చుని కొత్తగా తెలుగు నేర్చుకున్నారు. భార్య అన్బు మరియమ్మాళ్ గారు దక్షిణ భారతదేశంలో కాలేజీ మెట్లెక్కిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఒకరు. ఆమె కూడా వెంట వచ్చి పల్లె స్త్రీల మధ్య పనిచేశారు.

1910 జూన్‌లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. మాట్లాడడానికి అజరయ్య గారిని పిలిచారు. డబ్బు అడగడానికి అంతకంటే మంచి చోటు ఉంటుందా? ఆయన డబ్బు అడగలేదు. మీరు మా కోసం ఎంతో త్యాగం చేశారు గాని మమ్మల్ని సమానులుగా చూసి స్నేహం చేయలేదు, మాకు స్నేహితులు కావాలి అన్న భావంతో మాట్లాడారు. సభలో కొందరికి కోపం వచ్చింది. కాని ఆ మాటను ప్రపంచ సంఘం ఈనాటికీ మరచిపోలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథెడ్రల్‌లో ఆయన బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గారు ఆయన పక్షాన గట్టిగా నిలబడ్డారు. తెల్ల మిషనరీలలో కొందరు ఇష్టపడలేదు. మన భారతీయ క్రైస్తవులలో కూడా కొందరు ఆయన కులం చూసి ముఖం తిప్పుకున్నారు. ఈ రెండో మాట రాయడానికి నాకు బాధగానే ఉంది, కాని చరిత్రను దాచకూడదు.

ఇక ఆ కొత్త సంఘం ఎలా పెరిగిందో చూద్దాం.

వచ్చినవారిలో ఎక్కువమంది మాలపల్లెల వారు, మాదిగపల్లెల వారు. కూలి చేసుకునేవారు, అక్షరం రానివారు. అజరయ్య గారి పద్ధతిలో నాకు మూడు విషయాలు కనిపించాయి.

మొదటిది సాక్ష్యం. బాప్తిస్మం పొందిన ప్రతివాని చేత చెయ్యి తలమీద పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమే అనే అర్థం వచ్చే పౌలు మాటను (1 కొరింథీ 9:16) పలికించేవారని చరిత్రకారులు రాశారు. నిన్నటిదాకా ఊరి బావి దగ్గరకు రానివ్వని మనిషి, బాప్తిస్మం రోజునే దేవుని రాయబారి అయ్యాడన్నమాట. సువార్త చెప్పడం జీతం తీసుకునే అయ్యగారి పని, మనది వినే పని అనే అలవాటుకు అక్కడ మొదటి రోజే చోటు లేకుండా పోయింది.

రెండోది పల్లె ఉపాధ్యాయులు. బిషప్పు ఎడ్లబండి మీద ఎన్ని ఊళ్లు తిరగగలడు? అందుకే స్థానికులకు తర్ఫీదు ఇచ్చి, భార్యాభర్తలను కలిపి పల్లెల్లో ఉంచారు. ఆ ఉపాధ్యాయుడు పిల్లలకు అక్షరాలు నేర్పుతాడు, పనినుంచి వచ్చిన పెద్దలకు ప్రార్థన నేర్పుతాడు. చదువు రానివారు ప్రభువు నేర్పిన ప్రార్థనను, విశ్వాస ప్రమాణాన్ని, పది ఆజ్ఞలను నోటితో నేర్చుకున్నారు. తగినవారిని ఎంచి గురువులుగా అభిషేకించారు. కాలక్రమంలో ఆ డయాసిస్‌లో తెలుగు గురువుల సంఖ్య తెల్ల గురువులను ఎంతో దాటిపోయింది.

మూడోది కానుక. మీరు పేదవారు, మీరు ఇవ్వనక్కరలేదు అని ఆయన ఎవరితోనూ అనలేదు. అలా అనడం పేదవాణ్ణి అవమానించడమే. వండే ముందు పక్కకు తీసిన పిడికెడు బియ్యం, కోతల పండుగకు తెచ్చిన ధాన్యం, కోడిపుంజు, గుమ్మడికాయ, ఇవన్నీ బల్ల ముందుకు వచ్చాయి. క్రైస్తవ దానం గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు.

మార్పు అంత సులువుగా రాలేదు. మాల, మాదిగ భేదం గుడి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఒకే బల్ల దగ్గర ఒకే గిన్నెలోని ద్రాక్షారసం అందరూ తాగాలన్నది ఆంగ్లికన్ ఆచారం. చెప్పడం తేలిక, చేయడం కష్టం. తాగుడు, పాత కక్షలు కూడా ఉండేవి. అయినా పల్లెల్లో మనుషులు మారుతున్నారని ఊరు గమనించింది. 1930లలో శూద్ర కులాలవారు కూడా కొందరు సంఘంలోకి వచ్చారు. వారిని కదిలించినవాటిలో పెద్దది, తమ పొలాల్లో పనిచేసే కూలీల జీవితాల్లో కనిపించిన మార్పు.

ఇప్పుడు డోర్నకల్ గుడి సంగతి. గుమ్మటాలు, మినార్లు చూస్తే మసీదు గుర్తొస్తుంది. స్తంభాలు చూస్తే దేవాలయం గుర్తొస్తుంది. లోపల సిలువ ఉంది. ఈ నేల మీద పుట్టిన కళనంతా ప్రభువు పాదాల దగ్గర పెట్టారు. ఆ గుడి ప్రతిష్ఠ ఎప్పుడు జరిగిందో తెలుసా? 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగనాడు. అజరయ్య గారు డోర్నకల్ వచ్చి అప్పటికి దాదాపు ముప్పై ఏళ్లు. గుడి పూర్తయ్యేసరికి చుట్టూ వందల పల్లెల్లో సంఘాలు ఉన్నాయి. ఇంకో ఆరేళ్లకు, 1945 జనవరి 1న, ఆయన డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. సంఘాలన్నీ ఒకటి కావాలని 1919 తరంగంబాడి సభ నాటినుంచి ప్రయాసపడిన మనిషి, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడడం కళ్లారా చూడలేదు. నాటినవాడు అన్ని పంటలూ చూడడు.

ఇక నా తప్పు.

రెండేళ్ల కిందట మన గుడి కోసం ఒక దాతను సంప్రదించాను. ఆరాధన ఫొటోలు పంపమన్నారు. మనం ముప్పై నలుగురం. అది చాలదనిపించింది. ఆ ఆదివారం పక్క ఊరినుంచి ట్రాలీ ఆటోలో జనాన్ని పిలిపించి, భోజనం పెట్టి, షెడ్డు నిండా కూర్చోబెట్టి ఫొటో తీయించాను. మీలో చాలామంది అది ప్రత్యేక కూటం అనుకున్నారు. మన సంఘంలోని ఒక ముసలమ్మ మాత్రం ఆరాధన అయ్యాక నా దగ్గరకు వచ్చి, "వీళ్లంతా వచ్చే వారం కూడా వస్తారా అయ్యా?" అని ఆశగా అడిగింది. నేను తలవంచుకున్నాను.

ఆ డబ్బు రాలేదు. వచ్చి ఉంటే ఏమయ్యేది? ఈపాటికి స్లాబు ఉండేది, దాని పునాదిలో అబద్ధం ఉండేది. డోర్నకల్ గుడి నీడలో నిలబడినప్పుడు ఆ ముసలమ్మ మాటే చెవుల్లో మోగింది. ఎడిన్‌బరోలో ధనవంతుల దేశాల ప్రతినిధుల ముందు నిలబడి స్నేహం అడిగిన మనిషి ఎక్కడ, ముప్పై నలుగురిని వందమందిగా చూపించిన నేను ఎక్కడ?

తిరిగి వచ్చిన రాత్రే ఆ దాతకు నిజం రాసి పంపాను. జవాబు రాలేదు. మీకు కూడా చెప్పకపోతే ఆ ఒప్పుకోలు సగమే అవుతుంది గనుక ఇక్కడ రాస్తున్నాను. నన్ను క్షమించండి.

గుడి వద్దని నేను అనడం లేదు. చంటిబిడ్డ తల్లి చెట్టు కింద కూర్చోవడం నాకు ఇష్టం కాదు. అయితే ముందు మన ముప్పై నలుగురం ముప్పై నలుగురు సాక్షులం అవుదాం. వచ్చే ఆదివారం నుంచి గుమ్మం పక్కన ఒక డబ్బా పెడతాను. వండే ముందు పిడికెడు బియ్యం తీసి తెచ్చి అందులో పోయండి. లెక్క నెలనెలా అందరి ముందు చదువుతాం. మొదటి ఏడాది ఆ సొమ్ము మన గుడికి కాదు. వాగు అవతలి గూడెంలో ఇంతవరకు ప్రార్థన కూటం లేదు, అక్కడి పిల్లలకు సాయంత్రం చదువు చెప్పేవారు లేరు. దానికి వాడదాం. తిరునల్వేలివారు మన తాతల కోసం చేసింది అదే కదా.

ఆ ముసలమ్మకు కూడా జవాబు చెప్పాను. "వాళ్లు రారమ్మా, నేను డబ్బు కోసం తెచ్చాను" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మనమే వాళ్ల దగ్గరికి పోదాం అయ్యా" అంది.

శనివారం సాయంత్రం అయిదింటికి బయలుదేరుతున్నాం. రాగలవారు రండి. రాలేనివారు మా కోసం ప్రార్థించండి.

ప్రభువు కృప మీకు తోడై ఉండును గాక. ఆమేన్.

మీ సంఘ కాపరి