హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎన్నిసార్లు ‘నేషనల్ ఛాంపియన్’? 2, 3, 13, 18.. ఈ లెక్కల వెనుక అసలు కథ ఇదీ!

సత్తుపల్లి: అజయ్ దేవ్‌గణ్ ‘మైదాన్’ సినిమా 2024లో వచ్చాక హైదరాబాద్ ఫుట్‌బాల్ మీద ఒక్కసారిగా ఆసక్తి పెరిగింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరు, ఆయన తయారు చేసిన హైదరాబాద్ పోలీస్ జట్టు ఏం సాధించింది అని జనం వెతకడం మొదలుపెట్టారు. వెతికిన వాళ్లకు ఒక్కో చోట ఒక్కో లెక్క దొరుకుతుంది. వరుసగా ఐదుసార్లు ఛాంపియన్ అని ఒకరంటే, జాతీయ టైటిళ్లు రెండే అని ఇంకొకరంటారు. కాదు మూడు అనే వాళ్లూ ఉన్నారు. విచిత్రం ఏంటంటే, వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. మరి ఇన్ని లెక్కలు ఎందుకొచ్చాయి?

జవాబు చిన్నదే. ఆ రోజుల్లో దేశంలో క్లబ్బులకు ‘నేషనల్ ఛాంపియన్’ అనే టైటిలే లేదు.

భారత్‌లో తొలి జాతీయ స్థాయి క్లబ్ లీగ్, అంటే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్, 1996లో మొదలైంది. పంజాబ్‌కు చెందిన జేసీటీ మిల్స్ దాని మొదటి విజేత. ఫెడరేషన్ కప్ వచ్చిందే 1977లో. అంతకుముందు క్లబ్బులు పోటీ పడేది పేరున్న కప్పుల కోసం. బొంబాయిలో రోవర్స్ కప్, ఢిల్లీలో డ్యూరాండ్ కప్, కలకత్తాలో ఐఎఫ్ఏ షీల్డ్. ఈ మూడూ గెలిస్తే గొప్ప. ఒక్కటి గెలిచినా గొప్పే. అయితే వీటిలో ఏదీ అధికారికంగా ‘జాతీయ ఛాంపియన్‌షిప్’ కాదు.

అమెరికాలోనూ ఇదే గొడవ

ఇలాంటి తకరారు మన దగ్గరే ఉందనుకుంటే పొరపాటు. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే పిచ్చి. అది మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. అక్కడ పై డివిజన్‌లో దశాబ్దాల పాటు ఫైనల్ అనేదే లేదు. జర్నలిస్టుల ఓట్లు, కోచ్‌ల ఓట్లు, కొందరు గణిత నిపుణుల ఫార్ములాలు.. ఎవరికి నచ్చిన జట్టును వాళ్లు ఛాంపియన్ అనేవారు. ప్లేఆఫ్ పద్ధతి వచ్చింది 2014 సీజన్ నుంచే.

అలబామా యూనివర్సిటీ 18 టైటిళ్లు తనవేనని చెప్పుకుంటుంది. అందులో 1941 కూడా ఉంది. ఆ ఏడాది అలబామా రెండు మ్యాచ్‌లు ఓడింది. ఏపీ వార్తా సంస్థ ర్యాంకింగ్‌లో దాని స్థానం 20. ఆ ర్యాంకింగ్‌లో నంబర్ వన్ మిన్నెసోటా. అయినా ఒక గణిత ఫార్ములా అలబామాకు ఓటేసింది. అది పట్టుకుని 1980లలో యూనివర్సిటీ తన రికార్డు పుస్తకంలో ఆ టైటిల్ చేర్చేసుకుంది. అంటే ఆట అయిపోయిన 40 ఏళ్లకు పైగా గడిచాక అన్నమాట!

2017లో సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీది ఇంకో కథ. ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచింది. ప్లేఆఫ్‌కు మాత్రం పిలుపు రాలేదు. దాంతో మేమే ఛాంపియన్లమని ప్రకటించుకుని ఊరేగింపు కూడా చేసేసింది. ఆ సీజన్ ప్లేఆఫ్ గెలిచింది మళ్లీ అలబామానే.

ఐదేళ్లు ఎదురులేని పోలీసులు

ఇప్పుడు హైదరాబాద్ దగ్గరకు వద్దాం. 1950, 51, 52, 53, 54.. వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ హైదరాబాద్ సిటీ పోలీస్‌దే. కలకత్తా పెద్ద క్లబ్బులు, బొంబాయి కంపెనీ జట్లు, మిలిటరీ జట్లు అన్నీ పోటీలో ఉండగా ఐదేళ్లు ఆ కప్పును ఎవరికీ వదల్లేదు. 1957లో మళ్లీ గెలిచారు. తర్వాత జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. ఆ పేరుతో 1960, 1962, 1963లో కప్పు వచ్చింది. మొత్తం తొమ్మిది.

ఇక్కడే మొదటి మెలిక. 1962 కప్పు సంయుక్తం. ఈస్ట్ బెంగాల్, ఆంధ్రప్రదేశ్ పోలీస్ ఇద్దరినీ విజేతలుగా ప్రకటించారు. దాన్ని ఒకటి అనాలా, అర అనాలా? పట్టికల్లో ఇద్దరికీ ఒక్కొక్కటి వేస్తారు. వాదనకు దిగితే మాత్రం అవతలి వాళ్లు ముందు పట్టుకునేది దీన్నే.

డ్యూరాండ్ కప్‌లోనూ పోలీసులది పెద్ద చేయే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆగిన ఈ టోర్నీ 1950లో మళ్లీ మొదలైతే, ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి హైదరాబాద్ సిటీ పోలీస్ గెలిచింది. తర్వాత 1954, 1957లో గెలిచింది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మళ్లీ మోహన్ బగాన్‌నే ఓడించింది. మొత్తం నాలుగు. డ్యూరాండ్ విజేతకు రాష్ట్రపతి పేరిట ఉన్న కప్పు కూడా ఇస్తారు కాబట్టి, దీన్ని జాతీయ టైటిల్‌గా చెప్పుకునే వాళ్లకు కాస్త బలం ఎక్కువ. అయినా అది సైన్యం ఆధ్వర్యంలో నడిచే టోర్నీ. ఫుట్‌బాల్ సమాఖ్య ఛాంపియన్‌షిప్ కాదు.

రోవర్స్ తొమ్మిది, డ్యూరాండ్ నాలుగు. పదమూడు అనే లెక్క పుట్టేది ఇలా.

మధ్యలో 1961 రోవర్స్ కప్‌ను సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్ గెలిచింది. మైదానాలు ఇవే, ఊరు ఇదే. కానీ మిలిటరీ జట్టు కావడంతో దాన్ని హైదరాబాద్ ఖాతాలో వేసేవాళ్లు పెద్దగా కనిపించరు. ఊరి పేరు మీదే లెక్క వేస్తే ఇది తప్పకుండా రావాలి. పోలీసుల పేరు మీద వేస్తే రాకూడదు. ఒక్కో కప్పుకు ఒక్కో కొలత పెడితే కుదరదు కదా.

అసలు ‘నేషనల్’ ఎక్కడుంది?

పేరులోనే జాతీయ ఛాంపియన్‌షిప్ అని ఉన్నది ఒక్కటే. అదే సంతోష్ ట్రోఫీ. 1941లో మొదలైంది. నడిపేది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య. ఇందులో ఆడేవి క్లబ్బులు కావు, రాష్ట్ర జట్లు. రైల్వేస్, సర్వీసెస్ లాంటి జట్లు కూడా ఉంటాయి.

ఇందులో ‘హైదరాబాద్’ పేరుతో రెండు టైటిళ్లు వచ్చాయి. 1956-57లో తిరువనంతపురంలో, 1957-58లో సొంతగడ్డ హైదరాబాద్‌లో. రెండుసార్లూ ఫైనల్లో ఓడింది బొంబాయే. అంతకుముందు 1949-50, 1950-51 ఫైనల్స్‌లో ఇదే హైదరాబాద్ బెంగాల్ చేతిలో ఓడింది. మూడో టైటిల్ 1965-66లో ‘ఆంధ్రప్రదేశ్’ పేరుతో వచ్చింది. కేరళలోని కొల్లంలో బెంగాల్‌ను ఓడించారు.

విడివిడిగా రాస్తే హైదరాబాద్ 2, ఆంధ్రప్రదేశ్ 1. కలిపి రాస్తే 3. ఎవరైనా ‘నేషనల్ ఛాంపియన్’ అనే మాటను ఖచ్చితంగా వాడాలనుకుంటే నిలబడేది ఈ లెక్కే. పోలీసుల 13 కప్పులు తక్కువవని కాదు. ఆటపరంగా చూస్తే వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలవడమే ఎక్కువ కష్టం అని వాదించొచ్చు, ఆ వాదనలో పస ఉంది. కానీ అది క్లబ్ ఘనత. రాష్ట్ర టైటిళ్లతో కలిపి కూడితే రెండింటికీ విలువ పోతుంది.

ఆ రెండు ట్రోఫీలు ఇప్పుడు ఎవరివి?

ఈ ప్రశ్న సత్తుపల్లి లాంటి ఊళ్లో అడిగితే ఇంకా రంజుగా ఉంటుంది. ఇక్కడి నుంచి అశ్వారావుపేట దాటి కాస్త ముందుకెళ్తే ఆంధ్రప్రదేశ్ వచ్చేస్తుంది. ఏ ఊరు ఏ రాష్ట్రం అన్నది ఈ ప్రాంతంలో పలుమార్లు మారింది. సత్తుపల్లి పాత హైదరాబాద్ రాష్ట్రంలోది. భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, 1959లోనే ఖమ్మం జిల్లాలో కలిసింది. ఖమ్మం జిల్లాలోని కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి.

ఇప్పుడు ఈ మ్యాప్ మీద సంతోష్ ట్రోఫీని పెట్టి చూడండి. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అంటే 1957-58లో రెండోసారి గెలిచే సమయానికి హైదరాబాద్ రాష్ట్రం అనేదే లేదు. జట్టు పేరు మాత్రం హైదరాబాదే. లేని రాష్ట్రం పేరుతో జాతీయ ట్రోఫీ గెలిచిన జట్టు అది!

ఆ టైటిల్ తెలంగాణదా? పాత హైదరాబాద్ రాష్ట్రంలో ఇప్పటి కర్ణాటక, మహారాష్ట్ర జిల్లాలు కూడా ఉండేవి. అవి 1956లోనే వెళ్లిపోయాయి. మరి ఆంధ్రప్రదేశ్‌దా? అప్పటి రాష్ట్రం పేరు అదే, కానీ జట్టు పేరు అది కాదు. 1965-66 ట్రోఫీ పేరు ప్రకారం ఆంధ్రప్రదేశ్‌ది. అప్పుడు రాజధాని హైదరాబాద్, పోలీసు జట్టు ఉన్నది కూడా హైదరాబాద్‌లోనే. విభజన సమయంలో ఆస్తులు, అప్పులు, ఉద్యోగులను పంచుకోవడానికి చట్టంలో లెక్కలున్నాయి. ట్రోఫీల చరిత్రను పంచుకునే లెక్క లేదు.

సబబైన పద్ధతి ఏదంటే, గెలిచిన రోజు చొక్కా మీద ఏ పేరు ఉందో అదే రాయడం. అలా చూస్తే విడిగా ఏర్పడిన తెలంగాణ ఖాతాలో సంతోష్ ట్రోఫీ ఒక్కటీ ఉండదు. హైదరాబాద్ టైటిళ్లకు నేటి తెలంగాణ వారసురాలు అని చెప్పుకోవచ్చు, విజేత అని కాదు. 1966 తర్వాత తెలుగు జట్టేదీ ఆ ట్రోఫీ గెలవలేదు కాబట్టి పాత టైటిళ్ల మీద మోజు ఎక్కువ. పంచుకోవడానికి కొత్తవి ఉంటే ఈ పేచీ ఇంత ఉండేది కాదేమో.

రహీం ఘనతకు మాత్రం ఈ లెక్కలతో పని లేదు. ఆయన కోచ్‌గా భారత్ 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఒలింపిక్ జట్టులో తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి హైదరాబాద్ ఆటగాళ్లున్నారు. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు.

2022 టైటిల్‌కూ అదే చిక్కు

పాత కాలంలోనే ఇలా అనుకోవద్దు. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఐఎస్ఎల్ ఫైనల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కరోనా కారణంగా సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. అంటే ఆ ఛాంపియన్ జట్టు ఆ సీజన్‌లో గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

దేశ ఛాంపియన్ అదేనా అంటే, అక్కడా ఇంకో పేరు ఉంది. లీగ్ దశలో అగ్రస్థానంలో నిలిచి షీల్డ్ అందుకున్నది జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ. యూరప్ పద్ధతిలో చూస్తే లీగ్ టాపరే ఛాంపియన్. ఐఎస్ఎల్ పద్ధతిలో ఫైనల్ గెలిచిన వాళ్లే ఛాంపియన్. ఐఎస్ఎల్ రూల్ ముందే రాసి ఉంది కాబట్టి హైదరాబాద్ టైటిల్‌కు ఢోకా లేదు.

రోవర్స్ 9, డ్యూరాండ్ 4, సంతోష్ 3, ఈఎంఈ 1, ఐఎస్ఎల్ 1. అన్నీ గుదిగుచ్చితే 18. సరిగ్గా అలబామా చెప్పుకునే అంకె!

ఇలాంటి చిక్కును ఒక దేశం అధికారికంగా తేల్చేసింది కూడా. 1971కి ముందు జరిగిన రెండు పాత టోర్నీల విజేతలను జాతీయ ఛాంపియన్లుగా గుర్తిస్తూ 2010లో బ్రెజిల్ సమాఖ్య నిర్ణయం తీసుకుంది. పీలే ఆడిన సాంటోస్ ఖాతాలో ఒక్కరోజులో టైటిళ్లు పెరిగాయి. మన సమాఖ్య 1996కి ముందు కప్పుల విషయంలో అలాంటి నిర్ణయం తీసుకోలేదు. తీసుకుంటే ఎక్కువ లాభపడేది మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్. ఆ తర్వాతి వరుసలో హైదరాబాద్ పోలీసులు ఉంటారు.

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ ఇంకా తిరిగింది. ఆర్థిక ఇబ్బందుల్లో కూరుకుపోయి, యాజమాన్యం మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. దాంతో 2022 టైటిల్ ఊరిదా, క్లబ్‌దా అన్న ప్రశ్న మళ్లీ మొదటికి వచ్చింది. రోవర్స్ కప్ ఈ శతాబ్దం మొదట్లోనే ఆగిపోయింది. డ్యూరాండ్ ఇప్పటికీ నడుస్తోంది. దాని విజేతల జాబితాలో హైదరాబాద్ సిటీ పోలీస్ మూడుసార్లు, ఆంధ్రప్రదేశ్ పోలీస్ ఒకసారి ఉన్నాయి.