బందరు రేవు – కృష్ణవేణి ఒండ్రు

మక్తల్ సమీపమున తెలంగాణములో ప్రవేశించు కృష్ణానది వేల యేండ్లుగా మోసిన ఒండ్రు ఎచ్చట చేరినది? చాలభాగము బందరు ప్రాంతపు తీరమున.

గోలకొండ సుల్తానుల కాలమున ఈ మచిలీపట్టణమే రాజ్యమునకు ముఖ్యమైన రేవు. డచ్చివారి వెనుక 1611లో ఆంగ్లేయులును ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి. కలంకారీ వస్త్రములు పారసీకమునకు, ఐరోపాకు పోయెడివి. అయితే తీరమున లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరమున లంగరు వేయగా, చిన్న పడవలే సరుకు చేరవేసెడివి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. పట్టణమునకు పూర్వవైభవము మరల రాలేదు.

జర్మనీలోని హాంబర్గు సముద్రమునకు సుమారు 100 కిలోమీటర్ల లోపల, ఎల్బేనదిపై నున్నది. అచ్చటను ఒండ్రు పేరుకొనును; ఎడతెగక త్రవ్వి తీయుచుందురు. మన తీరమున 1933లో విశాఖ రేవు తెరువబడగా పెద్ద ఓడలు అటు మరలినవి. బందరులో కొత్త రేవు పని 2023లో మొదలైనది.