చిక్కడపల్లి మీదుగా ఒక కంపెనీ ప్రయాణం



సాయంకాలపు నడకకై గాంధీనగర్ నుండి బయలుదేరి చిక్కడపల్లి మెట్రో స్టేషను నీడన కాసేపు నిలబడడం నాకు అలవాటు. తలపైన రైలు సాగిపోతుంటే దాని పూర్వకథ జ్ఞప్తికి వస్తుంది.

2008లో మన మెట్రో నిర్మాణపు హక్కును మేటాస్ సారథ్యంలోని సంస్థల కూటమి గెలుచుకున్నది. ఆంగ్లాక్షరాలలో ‘సత్యం’ను తిరగవ్రాస్తే ‘మేటాస్’ అవుతుంది. విలోమకావ్యాలు చదువుకున్న మావంటివారికి ఆ పేరే ఒక చమత్కారం. ప్రభుత్వ సాయం ఎంత కావాలో చెప్పవలసిన చోట, ఆ కూటమి ఒప్పందకాలంలో తానే 30,311 కోట్ల రూపాయలు ఎదురు చెల్లిస్తానన్నది! ఆ ధీమా రైలును చూసి కాదు, దానితోపాటు దక్కే భూములను చూసి అని ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ గారు హెచ్చరించారు. ప్రభుత్వం ఆలకించకపోగా పరువునష్టం దావా వేస్తామన్నది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. జూలైలో ఒప్పందం రద్దయింది. ఒక్క రైలూ నడపకుండానే ఆ అధ్యాయం ముగిసింది.

2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ సంస్థతో 35 ఏళ్లకు కొత్త ఒప్పందం కుదిరింది. ఈసారి 1,458 కోట్ల సాయం ఇవ్వడానికి అంగీకరించారు. రాబడిలో సగం టిక్కెట్ల వల్ల, తక్కినదానిలో అధికభాగం దుకాణాలు, కార్యాలయాల అద్దెల వల్ల రావాలని లెక్క. రైళ్లు నడిపే బాధ్యతను కియోలిస్ అనే ఫ్రెంచి సంస్థకు అప్పగించారు. 2017 నవంబరు 28న మియాపూర్-నాగోలు మార్గం ప్రారంభమైంది.

మా చిక్కడపల్లి మీదుగా సాగే జేబీఎస్-ఎంజీబీఎస్ మార్గాన్ని 2020 ఫిబ్రవరి 7న ప్రారంభించారు. మరునాటి నుండి ప్రజలు ఎక్కారు. ఆరు వారాలు గడిచాయో లేదో, మార్చి 22న కరోనా వల్ల రైళ్లు ఆగిపోయాయి. సెప్టెంబరు దాకా కదలలేదు. కార్యాలయాలు ఇళ్లకు చేరాయి, అద్దెల ఆశ సన్నగిల్లింది, అప్పు మాత్రం పెరిగింది. 2025 సెప్టెంబరులో, సుమారు 13,000 కోట్ల అప్పును తలకెత్తుకొని, వాటాలకై మరో 2,000 కోట్లిచ్చి మెట్రోను స్వీకరించడానికి తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించింది. 35 ఏళ్ల ప్రయాణానికి టిక్కెట్టు కొన్న కంపెనీ, రైలు నడిపిన ఎనిమిదో ఏటనే దిగిపోతానన్నదన్నమాట.

హైదరాబాదుకు ఈ కథ కొత్త కాదు. 1883లో లండన్‌లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. పెట్టుబడిపై నూటికి అయిదు వంతున వడ్డీకి నిజాం ఖజానా పూచీ. నాటి చాందా రైలుమార్గపు షరతులేమిటో ప్రజలకు తెలపాలని అడిగినవారిలో సరోజినీనాయుడి తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. ఆయనకు దక్కిన జవాబు నగర బహిష్కరణ! ఆ రైల్వేను 1930లో నిజాం ప్రభుత్వమే కొనుక్కున్నది.

కంపెనీ పూచీతో వచ్చినా, పూచీ లేకుండా వచ్చినా, చివరకు అప్పు దిగే స్టేషను ఖజానాయే. షరతులేమిటని ముందే అడిగినవారిని ఒకసారి బహిష్కరించాము, మరొకసారి దావా పేరుతో బెదిరించాము. ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి బల్ల ఎక్కించే గురువు చివరకు నష్టపరచేది తన తరగతినే. ఇన్నేళ్లు పాఠాలు చెప్పి నేను నేర్చుకున్నదిదే.